ముందు ఏడున్నవో చెప్పు

నల్లతెర ఇంగ్లీషు మీడియం పిల్లలకే లొంగుతుందని గోదావరిఖనిలో కంప్యూటర్ నేర్పేవాళ్ళ నమ్మకం. నేర్చుకునేవాళ్ళూ అదే నమ్మారు కనుక దానిని పరీక్షించి చూడవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. బొమ్మల తెర మీద ఏ బొమ్మను నొక్కితే ఏమవుతుందో నాలుగు రోజులు తడుముకుంటే తెలుస్తుంది. నల్లతెర మీద బొమ్మలుండవు. మిణుకుమనే చిన్న గీత ఒకటి ఉంటుంది. దాని పక్కన సరైన మాట కొడితే పని జరుగుతుంది, తప్పు మాట కొడితే ఒక గద్దింపు వాక్యం వస్తుంది. ఆ మాటా ఇంగ్లీషే, ఆ గద్దింపూ ఇంగ్లీషే. కాబట్టి తెలుగులో చదివినవాడికి అది రాదు. వాదన ఇంతే. వినటానికి గట్టిగానే ఉంటుంది.

2013 ఆగస్టు పంతొమ్మిది, సోమవారం సాయంత్రం, లక్ష్మీనగర్‌లో చెప్పుల దుకాణం పైనున్న ప్రజ్ఞ కంప్యూటర్స్‌కు ఎవాంజెలిన్ వచ్చేసరికి ఆమె విద్యార్థులు ఎనిమిదిమందీ గది బయట నోటీసు బోర్డు ముందు నిలబడి ఉన్నారు. హైదరాబాదులో వెబ్‌సైట్లు నిర్వహించే ఒక చిన్న సంస్థ శనివారం వచ్చి పరీక్ష పెడుతుంది, పదిమందిని ఉద్యోగంలోకి తీసుకుంటుంది. పరీక్షంతా నల్లతెర మీద, గిట్ మీద. నలుగురు కలిసి చేసే పనిలో ఎవరు ఏది ఎప్పుడు మార్చారో గుర్తుంచుకుని, కావలసివస్తే వెనక్కి తీసుకెళ్ళగలిగే ఏర్పాటు పేరు గిట్. బోర్డు మీది కాగితంలో పరీక్షకు కూర్చునేవారి పేర్లు పన్నెండున్నాయి. పన్నెండూ పొద్దుటి బ్యాచ్‌వే. పొద్దుటి బ్యాచ్ అంటే ఇంగ్లీషు మీడియం, సాయంత్రం బ్యాచ్ అంటే తెలుగు మీడియం. పాఠాలు ఒకటే, నెలలు ఒకటే.

"రాష్ట్రం ఇస్తున్నమని ఢిల్లీల చెప్పిన్రు గని, గీ లిస్టుల మన పేర్లు ఇయ్యలే మేడం," అన్నాడు ఆగయ్య. ఇరవై నాలుగేళ్ళవాడు. పగలు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో టిప్పర్ల ట్రిప్పులు రాసే కాంట్రాక్టు పని చేసి, తలమీది దుమ్ము దులుపుకుని నేరుగా క్లాసుకు వస్తాడు.

మిగిలినవాళ్ళు నవ్వారు. జమున నవ్వలేదు. బోర్డు మీది కాగితాన్ని మొదటి పేరు నుంచి చివరిదాకా చదివి, మళ్ళీ మొదటినుంచి చదువుతోంది. ఎక్కడైనా తప్పిపోయిన పేరు రెండోసారి కనిపిస్తుందేమోనని చూసే చూపు అది.

ఎవాంజెలిన్ ఆ కాగితం పిన్ను తీసి చేతిలో పట్టుకుని యజమాని గదిలోకి వెళ్ళింది. నర్సింగం ముఖం చూస్తే ఆమె రాకకు ముందే సిద్ధమై ఉన్నాడని తెలుస్తోంది.

"మేడం, నాకు వాళ్ళ మీద కోపమా చెప్పున్రి. వాళ్ళకు టైపింగ్ నేర్పున్రి, బిల్లులు కొట్టుడు నేర్పున్రి, జల్ది ఏదన్న దుకాణంల కుదురుకుంటరు. హైదరాబాదోళ్ళ ముంగట తెల్లమొకం ఏసుకొని కూసుంటే మళ్ల మన సెంటర్‌కు ఎవ్వడన్న అస్తడా?"

"పరీక్ష పెట్టకముందే రాదని ఎట్ల తెల్సింది సార్?"

"ఇరవై ఏండ్ల సంది నేర్పుతున్న. తెల్వదా?"

"హైదరాబాదోళ్ళు తెలుగు మీడియం అద్దన్నరా?"

"వాళ్ళు అనుడెందుకు మేడం? నేనే అంటున్న." నర్సింగం బల్ల మీది ఫోన్ ఆమె వైపు తోశాడు. "కావాల్నంటే మీరే మాట్లాడున్రి. నంబర్ అండ్లనే ఉన్నది."

ఆమె నిజంగానే మాట్లాడుతుందని అతను అనుకోలేదు. అవతల ఎత్తినామె పేరు రాజకుమారి. శనివారం రాబోయే పరీక్షాధికారి ఆమే. ఎవాంజెలిన్ రెండు నిమిషాల్లో విషయం చెప్పింది. ఏ మీడియమో తాము ఎన్నడూ అడగలేదని, పొద్దున పన్నెండుమందికి పెట్టిన పేపరే మధ్యాహ్నం రెండింటికి ఇంకో ఎనిమిదిమందికి పెట్టటానికి తనకు ఇబ్బంది లేదని రాజకుమారి చెప్పింది. ఎవాంజెలిన్ ఫోన్ పెట్టేసింది.

నర్సింగం కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మంచిది. అయితే ఒక్క మాట. వాళ్ళు మన ఇజ్జత్ తీస్తే సోమవారం సంది సాయంత్రం బ్యాచ్‌కు గీ కోర్సు బంద్. టైపింగే. మళ్ల నన్ను అడుగొద్దు."

ఆమె తలూపి క్లాసుకు వెళ్ళింది. చేతిలో అంతకుముందు రోజు ఇంట్లో కూర్చుని రాసిన తెలుగు నోట్సు ఉంది. అడ్డంకి ఇంగ్లీషే అయితే దానిని తొలగిస్తే చాలునని ఆమె కూడా అనుకుంది. అందులో కమాండును 'ఆదేశపదం' అని, ఫోల్డరును 'పత్రాశయం' అని, గిట్‌లో మార్పులు దాచే చోటును 'పరివర్తన భాండాగారం' అని రాసింది. పది నిమిషాలు చదివి వినిపించేసరికి రాసుకునేవాళ్ళందరూ పెన్నులు కింద పెట్టేశారు.

"మేడం," అన్నాడు ఆగయ్య చివరికి, "దీనికన్న ఇంగ్లీషే నయముండె."

ఈసారి జమున కూడా నవ్వింది. ఎవాంజెలిన్ నోట్సు మూసేసింది. వివరించటం మానేసి ప్రతి ఒక్కరినీ ఒక చిన్న పని చేయమంది. ఒక ఫోల్డరు చేయాలి, అందులో ఒక ఫైలు పెట్టాలి, దానిని ఇంకొక ఫోల్డరులోకి మార్చాలి. తను వాళ్ళ వెనుక నడుస్తూ, తెర మీద గద్దింపు వచ్చినప్పుడల్లా అది ఎందుకు వచ్చిందో చిన్న పుస్తకంలో గీత గీసింది. గంట తర్వాత లెక్క చూస్తే యాభై రెండు తప్పులు. స్పెల్లింగ్ తప్పటం వల్ల ఆరు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలకపోవటం వల్ల తొమ్మిది. మిగిలిన ముప్ఫై ఏడూ ఒకే రకం. ఉన్న ఫోల్డరు ఒకటి, ఉన్నామనుకుంటున్న ఫోల్డరు ఇంకొకటి. ఇంట్లో ఉన్నామనుకుని బజార్లో నిలబడి బీరువా తలుపు తెరవబోయినట్టు.

మంగళవారం ఉదయం ఆమె పొద్దుటి బ్యాచ్ వెనుక అదే పుస్తకంతో కూర్చుంది. అదే పని, అదే గంట. బీటెక్ చదివిన రుత్విక్ వేళ్ళు కీల మీద చకచకా కదులుతున్నాయి, తప్పు కూడా అంత వేగంగానే వస్తోంది, అంత వేగంగానే అదే తప్పు రెండోసారి కొడుతున్నాడు. నలభై ఎనిమిది తప్పులు. స్పెల్లింగువి ఆరు. ఖాళీ వదలనివి ఎనిమిది. ఎక్కడున్నామో తెలియక చేసినవి ముప్ఫై నాలుగు.

ఆమె రెండు పేజీలను పక్కపక్కన పెట్టి నర్సింగానికి చూపించింది. అతను రెండింటినీ ఓపికగా చదివి, "అంకెలదేమున్నది మేడం," అని తిరిగి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం క్లాసు మొదలు కాకముందే జమున తండ్రి ఎల్లేశం వచ్చాడు. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినా కంటి రెప్పల అంచున బొగ్గు గీత కాటుకలా మిగిలే ఉంది. బొగ్గుబాయిలో, అంటే భూగర్భగనిలో, మైనింగ్ సర్దారు. షిఫ్టు మొదట్లో కూలీల కంటే ముందు లోపలికి దిగి, పైకప్పును కర్రతో తట్టి, ఎక్కడ పని చేయవచ్చో ఎక్కడ కూడదో చెప్పే మనిషి. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మేడం, బిడ్డ నిన్న బువ్వ తినలే. లిస్టుల పేరు లేదన్నది, మళ్ల శనివారం పరీక్ష ఉన్నదన్నది. నాకు సమజ్ గాలే. వస్తదంటరా, రాదంటరా? రాదంటే జెప్పున్రి, మాన్పిస్త. ఉత్తగ ఆశపెట్టుడెందుకు?"

జమున తల వంచుకుని కీబోర్డు కేసి చూస్తోంది.

"ఎల్లేశన్నా, కూసోరాదే," అంది ఎవాంజెలిన్. "ఒక్క మాట అడుగుత. బాయిలకు కొత్తగ అచ్చినోనికి తొవ్వ ఎట్ల నేర్పుతరు?"

అతను ఈ ప్రశ్న ఊహించలేదు. కుర్చీ చివరన కూర్చున్నాడు. "తొవ్వ నేర్పుడేముంటది? నడిస్తె అదే అస్తది."

"మరి తప్పిపోతె?"

"తప్పిపోతె నడువద్దు." ఎల్లేశం గొంతు మారింది. ఇది అతని విద్య. "కొత్తోడు చేసే తప్పదే మేడం. తప్పిపోయిన్నని తెలుస్తనే జోరుగ నడుస్తడు. లోపల నాలుగు దిక్కులు ఒక్కతీరే ఉంటయి. జోరుగ నడిస్తె జోరుగ దూరమైతడు. ఎటు పోవుడు తర్వాత ముచ్చట. ముందు నువ్వు ఏడున్నవో చెప్పు అంట నేను. పక్క గోడకు బత్తి కొట్టి సూడు, సున్నంతోని రాసుంటది. ఎన్నో డిప్పు, ఎన్నో లెవెల్. అది సదివి, నోటితోని చెప్పి, గప్పుడు అడుగు తియ్యి."

"బోర్డు మీద గియ్యి అన్నా."

ఎల్లేశం లేచి సుద్దముక్క అందుకున్నాడు. పై నుంచి కిందికి ఒక వాలు గీత. "ఇది డిప్పు." దాని నుంచి రెండు పక్కలకూ అడ్డంగా గీతలు, ఒక్కొక్క దానికి అంకె. "ఇవి లెవెళ్ళు. ఇగో, ఇది బాయి నోరు. మూడో డిప్పు పద్దెనిమిదో లెవెల్ ఎడమ అంటే ఇగ ఏడికెళ్లి చెప్పినా ఒక్క జాగనే. కుడికి తిరుగు, ఎడమకు తిరుగు అని చెప్తె గది నువ్వు నిలబడ్డ జాగను బట్టి మారుతది."

ఎవాంజెలిన్ బోర్డు కేసి చాలాసేపు చూసింది. బాయి నోటి నుంచి చెప్పే చిరునామా ఒక రకం, నిలబడ్డచోటి నుంచి చెప్పే చిరునామా ఇంకొక రకం. నల్లతెరకు కూడా ఇవే రెండు రకాలు. కోర్సు పుస్తకంలో ఈ సంగతి ఇరవయ్యో పేజీలో, ఒక పట్టికలో, చిన్న అక్షరాల్లో ఉంది.

ఆమె ఎల్లేశం గీసిన గీతలను చెరపలేదు. లెవెళ్ళ పక్కన ఫోల్డర్ల పేర్లు రాసింది. ఎక్కడున్నావో చెప్పే కమాండు ఒకటి, ఇక్కడ ఏమేమి ఉన్నాయో చూపే కమాండు ఒకటి, కదిలే కమాండు ఒకటి. మూడింటినీ ఆ వరుసలోనే రాసింది. "గోడకు బత్తి కొట్టనిదే అడుగు తియ్యద్దు," అంది. "ప్రతిసారి. వచ్చినా సరే, రాకున్నా సరే."

ఆ సాయంత్రం ఆఖరి గంటలో తప్పులు పదకొండు. అందులో ఎక్కడున్నామో తెలియనివి రెండు. ఎల్లేశం ఆ గంటంతా వెనుక కుర్చీలో కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు మాన్పించే సంగతి ఎత్తలేదు.

బుధవారం గిట్ మొదలైంది. ఎవాంజెలిన్ పొద్దున్నే ఎల్లేశానికి ఫోన్ చేసి, షిఫ్టు మారేటప్పుడు ఏం చేస్తారో అడిగి రాసుకుంది. క్లాసులో పుస్తకం తెరవకుండా దానితోనే మొదలుపెట్టింది. షిఫ్టు దిగే సర్దారు తన రిపోర్టు బుక్కులో రాసి సంతకం పెడతాడు. షిఫ్టు ఎక్కే సర్దారు దానిని చదివి, చదివినట్టు కింద సంతకం పెడతాడు. ఆ తర్వాతనే, సర్దార్ల పై అధికారి ఓవర్‌మన్ ఒప్పుకుంటేనే లోపలికి. రాసిన దానిని ఎవరూ చింపరు, తప్పుంటే అడ్డగీత కొట్టి పక్కన సరైనది రాస్తారు.

"కమిట్ అంటే మీ సంతకం. పుల్ అంటే ముందటి షిఫ్టు బుక్కు చదువుడు. పుష్ అంటే మీ బుక్కు ఆఫీసుల పెట్టుడు. చదవకుంట బాయిలకు దిగుతనంటే?"

"ఓవర్‌మన్ తంతడు," అన్నారు ముగ్గురు ఒకేసారి.

"గిట్ కూడ ఆపుతది."

కాలనీ బస్సుల టైములు చూపించే నాలుగు పేజీల ఉత్తుత్తి వెబ్‌సైటు ఒకటి చేసి, ఎనిమిదిమందినీ నాలుగు జతలుగా విడదీసి, అందరినీ దాని మీద వదిలింది. ఆ సాయంత్రం అంతా సాఫీగా నడిచింది. అంత సాఫీగా నడవటం ఆమెకు కొద్దిగా అనుమానం కలిగించింది కూడా.

గురువారం ఆ అనుమానం నిజమైంది. బస్సు పేజీ మొత్తం చెదిరిపోయి ఉంది. గిట్‌లో ప్రతి సంతకం పక్కన ఏం చేశారో రాసే చిట్టా తెరిచి, ఎవరు, ఏ మార్పుతో చెడగొట్టారో కనుక్కోమంది. ఆగయ్య తెరిచాడు. ఇరవై ఆరు సంతకాలు. ప్రతి దాని పక్కనా ఒకటే మాట. సేఫ్. సేఫ్. సేఫ్.

"గిదేంది?" అంది ఎవాంజెలిన్.

"రిపోర్టు బుక్కు మేడం," అన్నాడు ఆగయ్య నిర్దోషిగా. "మీరే అన్నరు గద బుక్కు లెక్కనే అని. బుక్కుల సేఫ్ అనే రాస్తరు. ఇంకోటి రాస్తె పైకి పిలుస్తరని మా తాత చెప్పేటోడు."

ఇది ఏ పుస్తకంలోనూ లేని తప్పు. వేరే ఊళ్ళో నేర్పేవాళ్ళకు ఎన్నడూ ఎదురుకాదు. తను ఇచ్చిన పోలికే ఈ తప్పును వెంటబెట్టుకుని వచ్చిందని ఎవాంజెలిన్ గ్రహించింది. గంట గడిచింది. ఇరవై ఆరు సేఫ్‌లలో ఏది సేఫ్ కాదో ఎవరూ చెప్పలేకపోయారు. ఒక్కొక్క మార్పునూ విప్పి చూస్తూ వెనక్కి పోవలసి వచ్చింది. చెడగొట్టినది పంతొమ్మిదో సంతకమని తేలింది. ఆ సంతకం జమునది.

జమున చెవులు ఎర్రబడ్డాయి. ఎవరినీ చూడకుండా, "మా బాపు ఉత్త సేఫ్ అని రాయడు మేడం," అంది.

"మరేం రాస్తడు?"

"యాడ తట్టిండో రాస్తడు, తడితె ఎట్ల మోగిందో రాస్తడు. మూడో డిప్పు పద్దెనిమిదో లెవెల్ ఎడమ, కప్పు డొల్లగ మోగింది, రెండు కర్ర దిమ్మెలు కొట్టిచ్చి కప్పుకు ఆనిచ్చిన, అటు మనుషుల్ని పంపొద్దు. గిట్ల రాస్తడు. సేఫ్ అన్నది సదివెటోడు అనుకోవాలె, రాసెటోడు కాదు అంటడు." ఆమె తెర మీద తన సంతకానికి వేలు ఆనించింది. "నాకెరికె. ఎరికుండి గూడ అందరు సేఫ్ రాస్తున్నరని రాసిన."

ఎవాంజెలిన్ బోర్డు మీద రాసింది: 'బాగుందని రాయొద్దు. ఏం చేసినవో రాయి, ఎందుకు చేసినవో రాయి.' తర్వాత వెబ్‌సైటును మొదటి సంతకానికి తిప్పి, బుధవారం పని మొత్తం మళ్ళీ చేయించింది. ఎవరూ విసుక్కోలేదు. తెర మీద తెలుగు లిపి గళ్ళు గళ్ళుగా వస్తోంది కనుక, ఫోన్లో మెసేజీలు పంపుకున్నట్టే తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. ఎనిమిదిన్నర బస్సు తొమ్మిదికి మార్చిన, స్కూలు టైము మారింది గన్క. నర్సింగం అడుగుల చప్పుడు వినిపించినా ఎవరూ తల తిప్పలేదు.

శుక్రవారం ఆ అడుగులు లోపలికి వచ్చాయి. నర్సింగం ఆగయ్య భుజం మీదుగా వంగి తెర చదివాడు. పెదవులు కదిలించి అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"ఎవాంజెలిన్ మేడం, గిదేం రాత? ఇంగ్లీషు గాదు తెలుగు గాదు. రేపు హైదరాబాద్ మేడం చూసి నవ్వుతది. ఇంగ్లీషులనే రాయాలె. లేకుంటే కూసోవద్దు."

"సార్, ఒక్క నిమిషం." ఆమె చుట్టూ చూసి అనసూర్యను పిలిచింది. గదిలో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్ల ఆమె. "ఇప్పుడు చేసిన మార్పు ఇంగ్లీషుల రాయమ్మా."

అనసూర్య చాలాసేపు ఆలోచించి కొట్టింది. తెర మీద ఒకే మాట వచ్చింది: 'చేంజ్డ్.'

"ఇప్పుడు నీ మాటల్ల రాయి."

అనసూర్య వేళ్ళు ఆగలేదు. 'ఆదివారం బస్సు లైను తీసేసిన, ఆ రోజు బస్సు నడుస్తలేదని డిపో నోటీసుల ఉన్నది.'

"సార్, రేపు పేజీ చెడిపోయింది, మీరే బాగుచెయ్యాలె అనుకోండి. ఈ రెండిట్ల ఏది ఉంటే మీకు పనైతది?"

నర్సింగం రెండు వాక్యాలనూ ఇంకోసారి చదివాడు. "మీ జిమ్మేదారి," అని వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున పన్నెండుమంది రాశారు. మధ్యాహ్నం రెండింటికి ఎనిమిదిమంది కూర్చున్నారు. రాజకుమారి నలభై ఏళ్ళ మనిషి, పొట్టిగా, నూలు చీరలో. పేపరు చదివి వినిపించి, అర్థం కానిది ఎప్పుడైనా అడగవచ్చని చెప్పింది. ఒక ఊహా దవాఖాన వెబ్‌సైటు. జతలో ఇద్దరికీ చెరొక చీటీ. చీటీలో ఉన్న మార్పులు చేసి, ఇద్దరి పనినీ ఒకటిగా కలపాలి. వ్యవధి గంటన్నర. ఎవాంజెలిన్‌ను గదిలోకి రానివ్వలేదు. ఆమె అద్దపు తలుపు ఇవతల నర్సింగం పక్కన కూర్చుంది.

రెండున్నరకు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, కాళ్ళ కింద నేల కదిలింది. రాజకుమారి ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఎనిమిదిమందిలో ఒక్కరూ తల ఎత్తకపోవటం చూసి నెమ్మదిగా కూర్చుంది.

ఇంకో పది నిమిషాలకు ఆగయ్య తెర మీద పని ఆగిపోయింది. అతనూ జమునా ఒకే లైను మార్చారు. ఏది ఉంచాలో తేల్చుకోలేక గిట్ రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించింది. ఆగయ్య ఎర్రబడ్డ ముఖంతో జమున వైపు వంగాడు. "నాది తీసేస్త, నీది ఉండనీ. జల్ది."

"ఆగు," అంది జమున. "ముందు ఏడున్నమో చూడు."

అతను చూశాడు. ఉన్నచోటు సరైనదే. ఆమె అతని సంతకం చదివింది, అతను ఆమెది చదివాడు. ఇద్దరూ చీటీలు పక్కపక్కన పెట్టుకున్నారు. డాక్టరు చూసే వేళ ఆగయ్య చీటీలో తొమ్మిది నుంచి ఒంటిగంట. జమున చీటీలో పది నుంచి రెండు. తప్పు కొట్టింది ఇద్దరిలో ఎవరూ కాదు. చీటీలే రెండు రకాలుగా ఉన్నాయి.

తలుపు ఇవతలి నుంచి ఎవాంజెలిన్‌కు మాటలు వినిపించవు. జమున కుర్చీ వెనక్కి జరిపి లేవటం మాత్రం కనిపించింది. "చూసిన్రా," అన్నాడు నర్సింగం పళ్ళ మధ్య నుంచి. "లేసి పోతున్నది."

జమున చీటీలు రెండూ పట్టుకుని రాజకుమారి బల్ల దగ్గరికి వెళ్ళింది. "మేడం, ఈ రెండిట్ల ఒక్కటే నిజమైతది. ఏదో మిషిన్‌కు తెల్వదు, మాకు తెల్వదు. పేషెంట్లు దీన్ని చూసే అస్తరు. ఏది పెట్టాలె?"

రాజకుమారి ఆమె ముఖం కేసి చూసింది. "ఎందుకు అడగాలనిపించింది? ఏదో ఒకటి ఉంచేస్తే పని పూర్తయ్యేదిగా?"

"కప్పు డొల్లగ మోగితె కూలోడు సొంతంగ లోపలికి పోడు మేడం. ఓవర్‌మన్‌ను పిలుస్తడు."

రాజకుమారి తన సంచిలోంచి మడిచిన మూడో చీటీ తీసి ఇచ్చింది. అందులో సరైన వేళ ఉంది. ఆ చీటీ పొద్దుటి నుంచి సంచిలోనే ఉంది. పొద్దుటి బ్యాచ్‌లో ఎవరూ దానిని అడగలేదు. రుత్విక్ తన ఫోల్డరు చెరిపేసి, జతగాడి ఫోల్డరును దాని మీద కాపీ చేసి, నలభై నిమిషాల్లో లేచిపోయాడు. మధ్యాహ్నం మాత్రం జమున తర్వాత ఇంకొక జత కూడా లేచి వచ్చి అడిగింది.

మూడున్నరకు అందరూ చేతులు తీశారు. రాజకుమారి ఒక్కొక్క తెర దగ్గర నిలబడి చిట్టాలు చదవటం మొదలుపెట్టింది. నర్సింగం లోపలికి వెళ్ళి ఆమె వెనుక నిలబడ్డాడు. "మేడం, వాళ్ళు గట్ల తెలుగుల రాసిన్రు. నేను అద్దనే అన్న. కావాల్నంటే ఇప్పుడే ఇంగ్లీషుల రాయిస్త."

"వద్దండీ. రాసింది మార్చకూడదు." ఆమె జమున ఆఖరి సంతకం పక్కన ఉన్నది పైకి చదివింది. "'డాక్టర్ టైము రెండు చీటీలల్ల రెండు తీర్ల ఉన్నది, పరీక్ష మేడంను అడిగి పదకొండు నుంచి మూడు పెట్టినం.' ఏం మార్చారో ఉంది, ఎందుకు మార్చారో ఉంది, ఎవరిని అడిగారో కూడా ఉంది. పొద్దుటి చిట్టాల్లో 'అప్‌డేటెడ్' అన్న మాట ముప్ఫై ఒక్కసార్లు లెక్కపెట్టాను." ఆమె ఎవాంజెలిన్ వైపు తిరిగింది. "మీరు ఏ పుస్తకం నుంచి చెప్పారు?"

"పుస్తకం కాదు మేడం. జమున వాళ్ళ బాపు చెప్పిండు."

సాయంత్రం ఆరుగంటలకు రాజకుమారి ఫలితాలు చదివింది. పొద్దుటి బ్యాచ్‌లో రాసినవారు పన్నెండుమంది, ఎంపికైనవారు నలుగురు. సాయంత్రం బ్యాచ్‌లో రాసినవారు ఎనిమిదిమంది, ఎంపికైనవారు ఆరుగురు. మొదటి స్థానం జమునది, మూడో స్థానం ఆగయ్యది. అనసూర్యా, ఆమె జతా గంటన్నరలో పని పూర్తి చేయలేకపోయారు. వాళ్ళు ఎంపిక కాలేదు. సోమవారం నుంచి పొద్దుటి బ్యాచ్‌కు కూడా గిట్ పాఠం ఎవాంజెలిన్ చెప్పాలని నర్సింగం అడిగాడు, ఆమె ఒప్పుకుంది. సెప్టెంబరు రెండో తారీఖున జమున హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది.